మూడో గిన్నెలో ముక్క

బస్సు ఆగుతుంది.

స్టాపు లేని చోట ఆగుతుంది.

మైక్రాన్ మెడ సాచి ముందుకి చూస్తాడు. రోడ్డుకి అడ్డంగా ఇనప బారికేడ్లు. నలుగురు పోలీసులు. ఒకడి చేతిలో నల్లటి డిటెక్టర్. ఇనుము కనబడితే కుయ్యిమని అరిచే రకం.

మైక్రాన్ ఒళ్లో క్యారేజీ ఉంది.

మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. పై రెండు గిన్నెలూ ఖాళీ. మూడోదాంట్లో, మిషన్లు తుడిచే, నూనె పీల్చిన దూది వేస్టులో చుట్టి, ఒక ఇనప ముక్క.

అరచేతిలో ఇమిడిపోయేంత ముక్క. పావుకిలో కూడా తూగదు. కానీ మోకాళ్ల మీద బండరాయి పెట్టినట్టుంది.

"అందరూ సంచులు తెరిచి పెట్టుకోండమ్మా," కండక్టర్ అంటాడు. "చెకింగంట. తొందరగా చూపిస్తే తొందరగా పోదాం."

పక్క సీట్లో ముసలావిడ సంచి మూతి విప్పుతుంది.

"నా దగ్గరేముంది, బీపీ బిళ్లలూ షుగరు బిళ్లలూ. కావాలంటే వాళ్లనే వేసుకోమను." మైక్రాన్ వైపు చూస్తుంది. "నువ్వింకా తినలేదా నాయనా?"

"తిన్నానమ్మా."

"మరి ఖాళీ క్యారేజీని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నావేంటి?"

మైక్రాన్ క్యారేజీ మీంచి ఒక చెయ్యి తీసేస్తాడు.

ముందు తలుపు ఎక్కుతున్నాడు డిటెక్టర్ పోలీసు. మొదటి సీటు... రెండో సీటు...

స్టేషను ఇంకా మూడు స్టాపుల దూరం. అక్కడికి చేరితే బతికిపోయినట్టు. ఇక్కడ దొరికితే చచ్చినట్టు. షాపు దాటినప్పటి నుంచీ అతని బుర్రలో ఒక్కటే మాట తిరుగుతోంది, బామ్మర్ది చెప్పిన మాట.

ఇచ్చినవాడు సాక్షి. దొరికినవాడు ముద్దాయి.

మూడో సీటు...

మైక్రాన్ లేస్తాడు. వెనక తలుపు. ఒక మెట్టు, రెండో మెట్టు, రోడ్డు.

"ఎవరయ్యా అది దిగింది?"

వెనక్కి తిరగడు. ఎడమ పక్క సందు కనిపిస్తుంది. దూరిపోతాడు.

సందులో పది అడుగులు వేశాక తిరిగి చూస్తాడు. పోలీసు రాలేదు.

ఇంకొకడు వస్తున్నాడు.

తెల్ల చొక్కా. నీలం టై.

పరిగెత్తడం లేదు. నింపాదిగా నడుస్తున్నాడు. పొద్దున్నే పార్కులో వాకింగ్‌కి వచ్చినవాడిలా.

మైక్రాన్ పరుగందుకుంటాడు.

* * *

అతని అసలు పేరు షాపు బోర్డు మీదే ఉంది, పిలిచేవాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా ఇనుము చెక్కే లేతు మిషన్ పని. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా ఆ పీసు తుక్కులో పారేసి మళ్లీ మొదలుపెడతాడు. అందుకని వీధంతా ఆ సన్నని కొలత పేరే పెట్టి మైక్రాన్ అంటారు. పెళ్లాం కూడా కోపమొస్తే అదే అంటుంది.

మధ్యాహ్నం మూడున్నరకి షాపుకి బామ్మర్ది వచ్చాడు. పెళ్లాం తమ్ముడు. ఇరవయ్యెనిమిదేళ్లు పోలీసుల ఆయుధాల స్టోరులో తుపాకులు తుడిచి, విప్పి, బిగించి రిటైరైన మనిషి. వచ్చిన పని, రెండేళ్ల కిందట పట్టుకెళ్లిన డ్రిల్ మిషన్ తిరిగివ్వడం.

"ఇదిగో బావా, నీ డ్రిల్లు. మా అక్కని పట్టుకెళ్లినా ఇంత బెంగపెట్టుకోవు."

"మీ అక్కనైతే రెండేళ్లు ఉంచుకుంటావేంట్రా? మూడోరోజే తెచ్చి గుమ్మంలో దింపుతావు."

బామ్మర్ది నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు.

బల్ల మీద, అప్పుడే నునుపు చేసి పెట్టిన పీసు. తళతళా మెరుస్తోంది.

"ఇది ఏ మిషన్‌ది బావా?"

"ఎంబ్రాయిడరీ మిషన్‌దంట."

"ఎవరన్నారు?"

"టై బాబు. ఎప్పుడూ టై కట్టుకొస్తాడు, పేరు తెలీదు. డ్రాయింగ్ ఇచ్చాడు. ముందు ఒక పీసు చెయ్యి, సరిగ్గా కూర్చుంటే వంద చేద్దువుగాని అన్నాడు. ఐదింటికొచ్చి పట్టుకెళ్తాడు."

"ఎందుకు, దేనికి అని అడగలేదా?"

"లేతు మీద కూర్చున్నవాడు సైజు అడుగుతాడురా. దేనికని అడగడు. చెప్పులు కుట్టేవాడు నువ్వెక్కడికి పోతున్నావని అడుగుతాడా?"

బామ్మర్ది లేచి షట్టర్ సగం దించాడు. దించుతూ వీధి అటూ ఇటూ చూశాడు. అది చూసి మైక్రాన్‌కి మొదటిసారి భయమేసింది.

"బావా, ఇది తుపాకీ."

"ఇదా? దీంతో కొడితే చీమ కూడా చావదు."

"తుపాకీ లోపలుండే ముక్క. అది కూడా మామూలు తుపాకీది కాదు. ఒక్కసారి నొక్కితే ఆగకుండా పేలుతుందే, ఆ రకానిది. వాటికి మామూలు జనానికి లైసెన్సే ఉండదు. నిషేధం. దాని ముక్క ఒక్కటి నీ దగ్గరున్నా మొత్తం తుపాకీ ఉన్నట్టే లెక్క."

"ఉత్త ముక్క పేలదు కదరా."

"పేలక్కర్లేదు. ఉంటే చాలు. చేస్తే ఒక సెక్షను, ఉంచుకుంటే ఒకటి, మోసుకెళ్తే ఒకటి, ఇంకొకడి చేతికిస్తే అన్నిటికన్నా పెద్దది."

"నాకు తెలీదు కదా. తెలియక చేశాను."

"తెలియనంతసేపు అదొక దారి. ఇప్పుడు నేను చెప్పాగా. ఇప్పుడు నీకు తెలుసు."



"మరెందుకు చెప్పావురా, దరిద్రుడా?"

"చెప్పకపోతే వంద చేసేవాడివి."

గ్రైండర్ పెట్టి కోసి పారేస్తానన్నాడు మైక్రాన్. కొయ్యి, సాక్ష్యం మాయం చేశాడని ఇంకోటి రాస్తారన్నాడు బామ్మర్ది. చెరువులో పడేస్తానన్నాడు. అదీ అంతేనన్నాడు.

"ఒక్కటే దారి బావా. వాళ్లు నీ దగ్గరికి రాకముందే నువ్వు వాళ్ల దగ్గరికెళ్లాలి. ఇచ్చినవాడు సాక్షి. దొరికినవాడు ముద్దాయి. ఇవ్వడం కూడా రోడ్డు మీద ఎవడికంటే వాడికి కాదు. నువ్విచ్చావో, వాడు పట్టాడో, రాసేది వాడే. స్టేషన్ నడిపే పెద్ద మేడం చేతికి, పుస్తకంలో రాయించి మరీ ఇవ్వాలి. అసలు నువ్వు కదలొద్దు. ఫోన్ చేస్తే వాళ్లే వచ్చి..."

బయట బండి ఆగిన చప్పుడు.

సగం దించిన షట్టర్ కింద నుంచి బూట్లు కనిపించాయి. మెరుస్తున్న నల్ల బూట్లు. గంట ముందే వచ్చేశాడు.

"మేస్త్రిగారూ, ఉన్నారా?"

బామ్మర్ది పెదాల మీద వేలు పెట్టాడు. కళ్లతోనే వెనక గోడ చూపించాడు. క్యారేజీ వైపు చూపించాడు. అంతే. ఇంకొక్క మాట చెప్పుకోవడానికి టైమ్ లేదు.

మైక్రాన్ గోడ దూకాడు.

యాభై మూడేళ్ల వయసులో.

* * *

సందు, ఇంకో సందు.

అట్టపెట్టెలు పేర్చిన గోడౌన్. టైర్ల కొట్టు. పాత ఫ్రిజ్‌లు కుప్పపోసిన షెడ్డు.

ఊపిరి పీల్చుకోవడానికి ఛాతీలో చోటు లేదు. క్యారేజీ ఊగినప్పుడల్లా లోపల ముక్క ఠంగుమంటుంది. వీధంతా తనవైపే చూస్తున్నట్టుంది. తేలు కుట్టిన దొంగ కూడా ఇంతకన్నా నయం. వాడికి నొప్పి ఒకచోటే ఉంటుంది.

వెనక్కి చూస్తాడు.

నీలం టై... ఇంకా వస్తున్నాడు. వాడి వెనకాలే బూడిదరంగు వ్యాను, నడక స్పీడులో.

మైక్రాన్ ఎదురుగా తెరిచున్న తలుపులోకి దూరిపోతాడు.

ప్రింటింగ్ ప్రెస్సు. మిషన్లు దడదడమంటున్నాయి. ఇంకు వాసన. కాగితాలు సరిచేస్తున్న ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టి అరుస్తాడు.

"ఎవరు కావాలి?"

"వెనక దారుందా?"

"ఆ తలుపు."

మైక్రాన్ ఆ తలుపు తోసుకుని వెళ్తాడు. గడియ పెడతాడు. చూస్తే బాత్రూము.

బయట నుంచి ఆయన అరుపు వినిపిస్తుంది. "దారి అంటే అర్జెంటేమో అనుకున్నా. వెనక గుమ్మమైతే పక్కది."

మైక్రాన్ గోడకి ఆనుకుంటాడు. 

జేబులో ఫోన్ వణుకుతోంది. తీసి చూస్తాడు.

బామ్మర్ది... తొమ్మిది మిస్డ్ కాల్స్.

పరుగులో తెలియలేదు. తిరిగి చెయ్యబోతాడు. ఇంతలో పెళ్లాం ఫోను.

"ఏవండీ, ఎక్కడున్నారు?"

"పనిలో."

"పనిలో ఉంటే మిషను చప్పుడు తేడాగా ఉందేంటి? సరేలెండి. మా తమ్ముడు ఫోన్ చేశాడు. గుర్తు రావడం లేదంట, పొద్దున మీరు ఏ రంగు చొక్కా వేసుకెళ్లారని అడిగాడు."

"చొక్కానా?"

"పచ్చ గళ్ల చొక్కా అని చెప్పాను. వాడు పక్కనెవరితోనో అంటున్నాడు, రాసుకోండి మేడం, పచ్చ గళ్లు, చేతిలో మూడు గిన్నెల క్యారేజీ, అందులోనే ఉంది సరుకు అని. ఏ సరుకండీ? ఆ మేడం ఎవరు? పోలీసులా?"



"ఏవండీ, ఏం చేశారు మీరు?"

ఫోన్ కట్ చేస్తాడు.

ఇచ్చినవాడు సాక్షి.

వాడు ముందే వెళ్లాడు. ముందే చెప్పాడు. పుస్తకంలో ముందు వాడి పేరే ఎక్కింది. వాడు సాక్షి అయిపోయాడు.

మరి తను?

 ఎన్నిసార్లు అన్నాడు వాడు, నవ్వుతూ, భోజనాల దగ్గర... "బావా, నువ్విలాగే ఎగిరిపడు, ఏదో ఒకరోజు నిన్ను లోపలేయించకపోతే అడుగు." అందరూ నవ్వేవాళ్లు. తనూ నవ్వేవాడు. అక్క మొగుణ్ణి ఆటపట్టించే హక్కు బామ్మర్దికి కాకపోతే ఎవడికుంటుంది?

మళ్లీ ఫోన్ వణుకుతుంది. బామ్మర్ది.

మైక్రాన్ స్విచ్ఛాఫ్ చేస్తాడు.

కిటికీ చిన్నది, తల పట్టేంత. బయటి వీధి కనిపిస్తుంది. జీపు ఒకటి మెల్లగా పోతోంది. కానిస్టేబుల్ మైకులో పిలుస్తున్నాడు.

"లేతు మేస్త్రీ... పచ్చ గళ్ల చొక్కా... ఎక్కడున్నా బయటికి రావాలి. భయపడొద్దు."

భయపడొద్దు అన్నప్పుడే అసలు భయం పుడుతుంది.

మైక్రాన్ చొక్కా విప్పుతాడు. తిరగేసి వేసుకుంటాడు. గళ్లు లోపలికి, కుట్లు బయటికి. గుండీలు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించడం లేదు. వెంట్రుక మందం కొలిచే వేళ్లు అవి.

అద్దంలో తన మొహం చూసుకుంటాడు.

దొంగ మొహం. అచ్చంగా అదే.

* * *

వెనక గుమ్మం ఇరుకు వీధిలోకి తెరుచుకుంటుంది. ఒక పక్క ప్రెస్సు గోడ, ఎదురుగా పాత గోడౌన్ గోడ. ఒక చివర మూసుకుపోయింది. గుమ్మం పక్కన నీళ్ల పంపు.

పంపు పక్కన టై బాబు.



"అయ్యో మేస్త్రిగారూ, ఎంత చెమట పట్టిందండీ మీకు," అంటాడు టై బాబు. గొంతు మెత్తగా ఉంది. బ్యాంకులో అప్పిచ్చేవాడి గొంతులా. "నేనేమన్నా పులినా? ఎందుకలా పరిగెత్తడం?"

కొంచెం దూరంలో బూడిదరంగు వ్యాను. మూసేసిన చివర గోడకి ముక్కు ఆనించి ఆగుంది. అద్దాలు నల్లగా ఉన్నాయి. లోపల ఎవరో ఉన్నారు. ఎంతమందో తెలియదు.

"నాకేం తెలీదు బాబూ. నన్నొదిలెయ్యండి."

"మీకు తెలియదనే నేనూ అంటున్నాను. షాపులో కనిపించిన మీ బామ్మర్దిగారు చెప్పుంటారు, అది ఎవరి దగ్గరుంటే వాళ్లకే ప్రమాదమని. నిజమే. మంచి మాటే చెప్పారు." ఒక్కడుగు దగ్గరికి వస్తాడు. "మరి మీ దగ్గరెందుకండీ అది? నాది నాకిచ్చెయ్యండి. ఇక మీ దగ్గరేం ఉంటుంది? ఖాళీ క్యారేజీ. ఖాళీ క్యారేజీకి కేసు పెట్టే చట్టం ఇంకా రాలేదు."

మైక్రాన్ ఆలోచించడానికి ప్రయత్నిస్తాడు. బుర్రలో ఏదో ఇరుసు విరిగిపోయింది. తిరుగుతోంది గానీ పట్టడం లేదు.

వీధి చివర్నుంచి మైకు వినిపిస్తుంది. దగ్గరికొస్తోంది.

"పచ్చ గళ్ల చొక్కా..."

"వచ్చేస్తున్నారు మేస్త్రిగారూ," టై బాబు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పెదాలు మాత్రమే నవ్వుతున్నాయి. "నా జాబ్ అయిందా?"

ఆ మాట...

ముప్పై ఏళ్లలో ఎన్ని వేలసార్లు విన్నాడో ఆ మాట. జాబ్ అయిందా? చెయ్యమన్న పీసు అయితే తీసి ఇచ్చెయ్యడమే. ఎవరి జాబ్ వాళ్లకి. అది లేతు మర్యాద.

మైక్రాన్ చేతులు వాటంతట అవే కదులుతాయి. క్యారేజీ గొళ్లెం విప్పుతాయి. పై గిన్నె, రెండో గిన్నె, మూడో గిన్నె. దూదిలోంచి ముక్క తీస్తాయి. వేస్టుతో ఒకసారి తుడుస్తాయి. బొటనవేలితో అంచు తడిమి చూస్తాయి.

"సైజు చూసుకోండి," అంటాడు.

అన్నాక తెలుస్తుంది, అన్నది తనేనని.

టై బాబు ముక్క అందుకుంటాడు. వెలుతురుకి తిప్పి చూస్తాడు. మొదటిసారి కళ్లు కూడా నవ్వుతాయి.

"మీ చెయ్యి పడ్డాక చూసుకునేదేముందండీ."

వ్యాను తలుపు జరుగుతుంది. టై బాబు లోపలికెళ్తాడు. తలుపు మూసుకుంటుంది.

అయిపోయింది.

మైక్రాన్ పంపు దగ్గర కూలబడతాడు. దోసిలి పట్టి నీళ్లు తాగుతాడు. చేతులు తేలిగ్గా ఉన్నాయి. మోకాళ్ల మీద బండరాయి లేదు. ఇప్పుడు ఎవరొస్తే ఏంటి, వెతుక్కోనీ. ఖాళీ గిన్నెలు.

ఏడుపొస్తుంది. నవ్వూ వస్తుంది.

జీపు వీధిలోకి తిరుగుతుంది.

మలుపులో అడ్డంగా ఆగుతుంది. ఇరుకు వీధి. ఇక అటు నుంచి సైకిలు కూడా పోలేదు.

పెద్ద మేడం దిగుతుంది. ఆమె వెనక బామ్మర్ది. చెమటలు కక్కుతూ, ఒక కాలికే చెప్పుతో, పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. మొహం ఇంత చేసుకుని నవ్వుతున్నాడు.

"ఏంటి బావా ఇది? చొక్కా తిరగేసుకున్నావ్, మా అక్క చూస్తే పరువు పోతుంది. ఫోనెందుకు ఎత్తవు?"

మైక్రాన్ వాడి మొహం చూడడు. నేలవైపు చూస్తూ అంటాడు. "ముందే పోయి చెప్పావుగా నా పేరు. సాక్షివైపోయావుగా."

"ఎవడు? నేనా?" బామ్మర్ది ఆగిపోతాడు. "పిచ్చి బావా. నువ్వు దారిలో ఎక్కడైనా చెకింగ్‌లో దొరికితే ముద్దాయివేగా. అందుకే ముందే రాయించా. ఫలానా మేస్త్రి, తెలియక చేసిన ముక్కని తనంతట తానే అప్పగించడానికి తెస్తున్నాడు, దారిలో ఉన్నాడు అని. నాలుగుంబావుకి పుస్తకంలో ఎక్కింది. కింద పూచీ నాది, సంతకం నాది. నిన్నెవడూ ఆపకుండా జీపు కూడా తీసుకొచ్చా."

మేడం ముందుకొస్తుంది. ఆమె గొంతులో కోపం లేదు.

"కంగారు పడకండి. పక్కా సాక్షి మీరే. ఇలా ఇవ్వండి."

క్యారేజీ అందుకుంటుంది.

మొదటి గిన్నె, ఖాళీ.

రెండో గిన్నె, ఖాళీ.

మూడో గిన్నెలో నూనె మరకల దూది. ముక్క ఆనవాలు మాత్రం గుంటలా ఉంది.

మేడం తల ఎత్తుతుంది.

"ముక్క ఏది?"

మైక్రాన్ ఖాళీ గిన్నె వైపే చూస్తాడు.

"బావా," బామ్మర్ది గొంతు మారిపోతుంది. "పారేశావా? పారేసినా పర్లేదు, ఎక్కడో చెప్పు, వెతుకుదాం. బావా... ఎవరికైనా ఇచ్చావా?"

మైక్రాన్ చెయ్యి లేస్తుంది. వేలు వీధి మూసిన చివరని చూపిస్తుంది.

బూడిదరంగు వ్యాను ఇంజను ఆన్‌లో ఉంది. వెనక లైట్లు ఎర్రగా వెలుగుతున్నాయి. ముందు గోడ. వెనక జీపు.

మేడం చెయ్యి నడుం మీది పిస్తోలు దగ్గరికి పోతుంది. కళ్లు వ్యాను మీద నుంచి తిప్పకుండా, నెమ్మదిగా, బామ్మర్దిని అడుగుతుంది.

"మిగతా తుపాకీ వాళ్ల దగ్గరే ఉంటే... ఇది బిగించడానికి ఎంతసేపు పడుతుంది?"

ఇరవయ్యెనిమిదేళ్లు అదే పని చేసిన మనిషి. లెక్క వేసుకోనక్కర్లేదు. బావ వైపు ఒకసారి చూస్తాడు. పంపు నుంచి ఇంకా నీళ్లు కారుతూనే ఉన్నాయి. బావ దోసిలి ఇంకా తడిగానే ఉంది.

"అర నిమిషం మేడం."

వ్యాను వెనక అద్దం రెండు వేళ్ల మందం కిందికి దిగుతుంది.

బామ్మర్ది మైక్రాన్ మీదికి దూకుతాడు. ఇద్దరూ కలిసి బురదలో పడతారు. చెవి పక్కనే వాడి గొంతు వినిపిస్తుంది.

"తల ఎత్తకు బావా, తల..."

పేలుతుంది.

ఒకటి కాదు. రెండు కాదు. లెక్క అందడం లేదు. ఎక్కడా తడబడటం లేదు, ఎక్కడా ఇరుక్కోవడం లేదు, ఆగడమే లేదు.

మీద ఉన్న మనిషి బరువు పెరుగుతోంది.